పడవ దించిన నాడు నేను రాసిన పంక్తి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. బీరువా నిండా వరసగా పేర్చి ఉన్న డైరీలు చూసి, ఈ అలవాటు మంచిదేనా అని అడుగుతారు. మంచిదేనని చెబుతాను. ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్కరోజు మానకుండా రాశాను. జ్వరం వస్తే వచ్చిందని రాశాను, తగ్గితే తగ్గిందని రాశాను. అడిగినవాళ్ళకు ఏ సంవత్సరం డైరీ అయినా తీసి చూపిస్తాను, ఒక్కటి తప్ప. అందులో నేను రాసిన ఒక పంక్తి వల్ల ఒక పెద్దమనిషి ఉద్యోగం పోయింది. ఆ పంక్తిలో అబద్ధం లేదు. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరి ముందు తప్పు ఒప్పుకుని తేలికపడి ఉండేవాణ్ణి.

ముప్ఫైల దశకం మొదట్లో సంగతి. ఏలూరులో మిషన్ వారి హైస్కూల్లో నేను ఇంగ్లీషు అసిస్టెంటుని. దానితోపాటు దొరసానిగారికి దుబాసీని కూడా. ఆవిడ ఇంగ్లీషు నేర్పడానికే సముద్రం దాటి వచ్చిన మనిషి. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. ఎండకు మొహం కందిపోయినా గొడుగు నాకిచ్చి ముందు నడిచేది. ఇంగ్లీషు వస్తే మనవాళ్ళు ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఈనాటికీ తప్పు పట్టను.

ఆవిడ తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి. అందుచేత మాట్లాడితే అలాగే మాట్లాడేది. బండివాడితో, "నీ యెద్దును నిలువబెట్టుము" అనేది. వాడు నావైపు చూసేవాడు.

"ఆపమంటున్నారు" అనేవాణ్ణి.

"ఆపమన్నారని తెలిసిందండీ. పైనుంచి ఎవరో ఆజ్ఞాపించినట్టుంటేని భయమేసిందండీ" అనేవాడు.

నెలకు రెండుసార్లు మేము ఒంటెద్దు బండి మీద కొల్లేటి గట్టు దాకా వెళ్ళి, అక్కడి నుంచి దోనెలో ఒక లంకకు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఆవిడ పెట్టిన ఇంగ్లీషు తరగతి ఉండేది. తాటాకుల పాక, ఒక నల్లబల్ల, ఒక పెద్దవయసు పంతులుగారు. మేము లేని రోజుల్లో పాఠం చెప్పేది ఆయనే. మాదీ ఆయనదీ ఊరి చివరి పేటే. రెండు తరాల కిందట మిషన్‌లో కలిసిన కుటుంబాలు. అయితే నేను కాలేజీలో చదివాను. ఆయన చిన్నప్పుడు కాలవల ఇంజనీరు దొర బంగళాలో వంటవాడికి సాయంగా ఉండి, ఆ వంటింట్లో ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఆ ఇంగ్లీషు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

దొరసానిగారికి వాళ్ళ దేశం నుంచి రంగుల బొమ్మల అట్టలు వచ్చేవి. మంచు కురుస్తున్న వీధి, పొగగొట్టం ఉన్న ఇల్లు, యాపిలు పళ్ళ బుట్ట. వాటిని చూపించి ఒక్కొక్క మాటా చెప్పించడం ఆవిడ పద్ధతి. పంతులుగారు ఆ అట్టల్ని గుడ్డలో చుట్టి అటక మీద భద్రంగా దాచేవారు. ఆవిడ వచ్చిన రోజున మాత్రం కిందికి దించేవారు. మిగతా రోజుల్లో వల, తెడ్డు, కొర్రమీను, కొంగ, ఏది కనిపిస్తే దానితో పాఠం.

ఒకరోజు ఆవిడ మంచు బొమ్మ పట్టుకుని ఎంత అడిగినా పిల్లలు నోరు విప్పలేదు. అంతలో పాక ముందు నీళ్ళలో ఒక గూడబాతు వాలింది. వెనక కూర్చున్న ఒక పిల్ల ఉన్నపళాన లేచి, "మేడమ్, బర్డ్ కమింగ్! బిగ్ మౌత్! ఫుల్ ఫ్యామిలీ ఫిష్ గో ఇన్‌సైడ్!" అని అరిచింది. ఇంకో పిల్లాడు, "నో మేడమ్, దిస్ బర్డ్ లేజీ" అన్నాడు. ఆ తర్వాత తరగతి అంతా మాట్లాడింది. దొరసానిగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తిరుగు ప్రయాణంలో దోనెలో కూర్చుని నాతో అన్నది: "నీవు వ్యాకరణము నేర్పుదువు. అతడు మాటలాడించును."

ఆ మాట కూడా ఆ రోజు డైరీలో ఉంది, అక్షరం పొల్లుపోకుండా. ఏలూరులో నా విద్యార్థులు వాక్యాన్ని ఏ ముక్కకు ఆ ముక్క విడగొట్టి చూపేవారు. దొర ఎదురైతే మాత్రం గోడవైపు తిరిగి నిలబడేవారు. ఆవిడ అన్నది నిజమే. నిజం కనుకనే గుచ్చుకుంది.

మిషన్‌లో పనిచేసే ప్రతివాడూ దినచర్య పుస్తకం రాసి, నెల కూటంలో చూపించాలి. చాలామంది "ప్రార్థించితిని, బోధించితిని, దర్శించితిని" అని ముప్ఫై రోజులూ ఒకేసారి కూర్చుని రాసేవారు. నేను మాత్రం జరిగింది జరిగినట్టు, ఏ రోజుకారోజు రాసేవాణ్ణి. దొరసానిగారు నా డైరీకి ఇంగ్లీషులో శుద్ధప్రతి రాయించుకుని, దాన్ని చూసుకుంటూ వాళ్ళ దేశానికి ఉత్తరాలు రాసేది. "ఇక్కడ నేను నమ్ము పుస్తకములు రెండు. రెండవది నీది" అనేది. నాకు గర్వంగా ఉండేది. పంతులుగారు మాత్రం నన్ను చూసి నవ్వేవారు.

"ఏవండీ మాస్టారూ, తమరు రాసేది డైరీయాండీ, పోలీసు రిపోర్టాండీ? నేను తుమ్మితే కూడా అందులో ఉంటదంటగా?"

"రెండుసార్లు తుమ్మితే రెండని ఉంటుంది పంతులుగారూ" అనేవాణ్ణి.

ఇక ఆ లంక సంగతి. చేపలు పట్టుకునేవాళ్ళ ఇళ్ళు మెరక మీద, పేట ఇళ్ళు పల్లంలో. చేపలవాళ్ళ పిల్లలు చదువుకు వచ్చేవారు కాని, పాకలోకి రాక గట్టు మీద విడిగా వేసిన పందిరి కింద కూర్చునేవారు. పంతులుగారు రెంటికీ మధ్యన నిలబడి పాఠం చెప్పేవారు. ఆయన ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉన్నారు. వాళ్ళు ఆయన్ని పిలుస్తారు, ఉత్తరాలు చదివించుకుంటారు, దణ్ణం కూడా పెడతారు. దోనె ఎక్కితే మాత్రం ఆయన చివరన కూర్చోవాలి. తాడు ముట్టుకోకూడదు.

చుట్టుపక్కల మూడు లంకల పిల్లలు తాటిదోనెల మీద వచ్చేవారు. ముందు సంవత్సరం వరదల్లో ఒక దోనె తిరగబడింది. ఒక పిల్లను జుట్టు పట్టుకుని పైకి లాగారు. బతికింది. కాని తల్లులు ఇక పిల్లల్ని పంపం అన్నారు. వానాకాలంలో హాజరు పడిపోతే తరగతి ఎత్తేస్తామని మిషన్ కమిటీ చెప్పింది. తరగతి పోతే పంతులుగారి ఉద్యోగమూ పోతుంది. ఆయన నెలల తరబడి చేపలవాళ్ళ పెద్ద ఇంటి ముందుకు వెళ్ళి, వాకిట్లో దూరంగా నిలబడి, పిల్లల కోసం ఒక పెద్ద పడవ కావాలని అడిగారు. చివరికి ఆ పెద్ద ఒప్పుకున్నాడు. చేపల కోసం ఎలాగూ కొత్త పడవ చేయిస్తున్నాడు. పొద్దున, సాయంత్రం అది మూడు లంకలూ తిరిగి పిల్లల్ని చేరవేస్తుంది.

పడవ నీళ్ళలోకి దించే రోజు వచ్చింది. దొరసానిగారు ఎండలకు కొండల మీదికి వెళ్ళారు. ఆవిడ బదులు నేను వెళ్ళాను.

అక్కడ ఆచారం ఇది. కొత్త పడవ ఎక్కబోయే ఇంటికి ఒకరు చొప్పున వచ్చి తాడు పట్టాలి. వాళ్ళలో పెద్దావిడ ముందు పడవ ముక్కుకు, తరవాత తాడు పట్టినవాళ్ళందరికీ వరసగా బొట్టు పెడుతుంది. ఎవరైనా తల తిప్పుకుంటే ఆ రోజు పడవ దించరు.

జనం తాడు పట్టుకున్నారు. పెద్ద వెనక్కి తిరిగి కేకేశాడు. "ఏం పంతులూ, అక్కడే నిలబడ్డావు? నీ పిల్లలెక్కే పడవ గదా ఇది. నీ చెయ్యి లేకపోతే ఎలాగ? వచ్చి తాడు పట్టు."

తాడు పట్టినవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. పంతులుగారు నావైపు చూశారు. నేను గొడుగు సర్దుకున్నాను. ఆయన పైమీద కండువా తీసి గట్టు మీద పెట్టి, వెళ్ళి తాడు చివరికి దగ్గరగా పట్టుకున్నారు. "మాస్టారూ, తవరూ రండి" అని ఎవరో నన్ను కూడా పిలిచారు. నేను రెండు అడుగులు వెనక్కి వేశాను.

ముసలావిడ వరసగా బొట్టు పెడుతూ వచ్చింది. పంతులుగారి దగ్గర ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. గడియారం చూసుకోని రోజుల్లో అది ఒకటి. తరవాత వేలు కుంకంలో అద్ది ఆయన నొసట పెట్టింది. పక్కవాడికి పెట్టింది. పడవ కదిలింది. పిల్లలు అందరికంటే ముందు ఎక్కారు. పడవలో పాకా లేదు, పందిరీ లేదు. మెరక మీద పిల్లలూ పల్లం పిల్లలూ ఒకరి మోకాళ్ళకు ఒకరి మోకాళ్ళు తగిలేలా కూర్చున్నారు.

పంతులుగారు నా దగ్గరికి వచ్చారు. చెమటకు బొట్టు ముక్కు మీదికి కారుతోంది. తుడుచుకోలేదు.

"చూశారా మాస్టారూ?"

"చూశానండీ."

"డైరీలో రాస్తారా?"

"చూసింది రాయాలి కదండీ."

"రాయండి రాయండి. పిల్లలు పదకొండుమంది ఎక్కారండీ. అది మాత్రం మర్చిపోకండి."

తల ఊపాను. ఆ సాయంత్రం పాకలో కూర్చుని రాసింది ఇది: "క్రొత్త పడవ దించిరి. పంతులుగారు త్రాడు పట్టి, నొసట బొట్టు పెట్టించుకొనిరి. ఉదయము ఎండ. సాయంత్రము మబ్బు." ఆ కింద అరపేజీ ఖాళీగా ఉంది. మబ్బు గురించి రాయడానికి చోటు దొరికింది. పదకొండుమందికి దొరకలేదు. ఎందుకు రాయలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. మొదట్లో మరిచిపోయానని చెప్పుకునేవాణ్ణి. నేను ఏదీ మరిచిపోను. దోనెలో దొరసానిగారు అన్న మాట నా వేళ్ళలో ఉంది. అంతే.

ఆవిడ కొండల మీది నుంచి వచ్చిన తరవాత మొదటి నెల కూటం. ఏలూరు బంగళా వరండాలో మూడు కుర్చీలు వేశారు. మధ్యన మిషన్ పెద్ద దొరగారు, ఒక పక్క మా సంఘం పాస్టరు అయ్యగారు, ఇంకో పక్క దొరసానిగారు. దొరగారి చేతిలో నేను రాసిన శుద్ధప్రతి ఉంది. ఆవిడ నెల మొత్తం పనుల కాగితాలన్నీ కలిపి కమిటీకి పంపినప్పుడు అది కూడా వెళ్ళింది. నొసట బొట్టు అంటే ఆ రోజుల్లో మా సంఘంలో ఏమిటో మీకు తెలియకపోవచ్చు. అది విగ్రహారాధనకు తిరిగిపోవడం. మిషన్ ఉద్యోగికి ఆ ఒక్కటీ చాలు.

పంతులుగారిని మెట్ల కింద నిలబెట్టారు. ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే దొరగారు చెయ్యి అడ్డం పెట్టి, నీ భాషలో చెప్పు, మాస్టరు అనువదిస్తాడు అన్నారు. బొట్టు ఇష్టపూర్వకంగా పెట్టించుకున్నాడా అని నన్ను అడగమన్నారు. అడిగాను.

పంతులుగారు నెమ్మదిగా మొదలుపెట్టారు.

"పెట్టించుకున్నానండీ. ఇరవై ఏళ్ళయిందండీ ఆ ఊరెళ్ళి. దేవుడి దగ్గర అందరూ ఒకటే అని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నానండీ. ఒక్కరు కూడా నన్ను ముట్టుకోలేదండీ. మంచినీళ్ళు పైనుంచి పోసేవోరు. ఆ రోజు ఆవిడ ఆగిందండీ. ఆగి, వేలు తెచ్చి నా నొసట పెట్టిందండీ. ఆవిడ వణుకుతుందండీ, నేను వణుకుతున్నానండీ. నేను చెప్పిన మాట ఆవిడ విన్నాదనుకున్నానండీ. అప్పుడు నేను తల తిప్పుకోమంటారాండీ? తిప్పుకుంటే పడవ దిగదండీ. పిల్లలు రారండీ."

 దొరగారు నావైపు తిరిగి, ఏమంటున్నాడు అన్నారు.

అనువదించడం నా పని. దొరసానిగారి ప్రసంగాలు గంటసేపు ఒక్క మాట వదలకుండా అనువదించినవాణ్ణి. నేను అన్న మాట ఇది: "అవునంటున్నారు."

దొరసానిగారు తల ఎత్తింది. పంతులుగారి గోదావరి యాస ఆవిడకు పూర్తిగా అందదు. అయినా అనుమానం వచ్చింది. "అతడు చాలసేపు మాటలాడెను. ఇంకేమైనను చెప్పెనా?" అని నన్ను అడిగింది. అడిగిన తీరు బతిమాలుతున్నట్టు ఉంది. ఆవిడకు ఒక్క కారణం దొరికితే చాలు, ఆయన్ని కాపాడుకునేది.

"జరిగినదంతా డైరీలో ఉందండీ" అన్నాను.

ఆవిడ తల దించుకుంది. నా డైరీని నమ్మిన మనిషి ఆవిడ.

సంఘం ముందు మోకరించి ఇది పాపమని ఒప్పుకుంటే ఆరు నెలల తరవాత చూస్తామని అయ్యగారు పంతులుగారితో అన్నారు. పంతులుగారు, "ఇది పాపమని నేనొప్పుకుంటే ఆవిడ వేలు కూడా పాపమైపోద్దండయ్యగారూ. నా వల్ల కాదండీ" అన్నారు. ఆ మాటను నన్నెవరూ అనువదించమనలేదు. నేనూ అనువదించలేదు. ఆయన అందరికీ నమస్కారం పెట్టి, నాకు కూడా పెట్టి, గేటు దాటి వెళ్ళిపోయారు.

ఆయన స్థానంలో నన్ను పంపారు. అయ్యగారు తోడు వచ్చారు. పొద్దున్నే పడవ వచ్చింది. పిల్లలు నిండా ఉన్నారు. తెడ్డు వేస్తున్నది ఆ పెద్దే.

"మా పంతులేరండీ?" అన్నాడు.

నేను మాట వెతుక్కుంటుంటే అయ్యగారే చెప్పారు. "ఆయన్ని తీసేశారు. బొట్టు పెట్టించుకోవడం మా మతానికి విరుద్ధం."

"మా ముసల్ది పెట్టిన బొట్టాండీ?"

ఆ పెద్ద తెడ్డు ఆపాడు. పడవ అంచు మీద చెయ్యి వేశాడు. కోపంగా లేడు. లెక్క తేలనట్టు ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ మేం మిమ్మల్ని ముట్టుకోలేదండీ. తప్పే అనుకుందాం. ఇప్పుడు ముట్టుకుంటే మీకు మైలయిందా? ఇదేం పద్ధతండీ బాబూ?" అని, తెడ్డు గట్టుకు ఆనించి పడవను వెనక్కి నెట్టాడు. పిల్లలు చూస్తూనే వెళ్ళిపోయారు.

పేట పిల్లలు నలుగురు వచ్చేవారు. అటక మీద అట్టలు దించి మంచు బొమ్మ చూపించేవాణ్ణి. కార్తీకం వచ్చేసరికి తరగతి ఎత్తేశారు. అట్టలు గుడ్డలో చుట్టి ఏలూరు పట్టుకొచ్చి బంగళాలో అప్పజెప్పాను. దొరసానిగారు వాటిని విప్పి చూసి, ఒక్కటీ చెడకుండా ఉన్నాయని అంది. ఆ తరవాత ఆవిడ పక్షుల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. రెండేళ్ళకు తమ దేశం వెళ్ళి, మళ్ళీ రాలేదు. అక్కడి సంఘం పత్రికలో ఆవిడ రాసిన వ్యాసం ఒకటి నాకు పోస్టులో పంపింది. కొల్లేటి తరగతి ఎందుకు మూతపడిందో అందులో ఉంది. ఒక పాత పనివాడు పాత దేవతల దగ్గరికి తిరిగిపోయాడని, నమ్మకస్థుడైన సహాయకుడొకడు తన వెంట ఉన్నాడని ఉంది. ఆ సహాయకుణ్ణి నేను. ఆ కాగితం ఆ డైరీలోనే పెట్టాను.

ఆ దశకం చివర్లో స్కూలు పని మీద తాడేపల్లిగూడెం వెళ్ళాను. స్టేషన్ దగ్గర ఒక సెట్టిగారి కొట్టు అరుగు మీద, కళ్ళజోడు పెట్టుకుని టెలిగ్రాం కాగితం మీద ఇంగ్లీషులో రాస్తున్న మనిషిని చూసి ఆగిపోయాను. ఆయనే ముందు పలకరించారు.

"ఏవండోయ్ మాస్టారూ! రండి, కూర్చోండి. సెట్టిగారూ, ఈయన మా మాస్టారండీ. ఇంగ్లీషులో దిట్ట."

సెట్టిగారు నాకు మజ్జిగ తెప్పించారు. ఊళ్ళో వర్తకులందరికీ టెలిగ్రాములూ, గూడ్సు ఆఫీసు కాగితాలూ పంతులుగారే రాస్తారట. "ఈయన రాస్తే మద్రాసులో కూడా అర్థమవుతుందండీ. పెద్ద చదువులోళ్ళు రాస్తే స్టేషన్ మాస్టరుకే అర్థమవదు" అన్నారు సెట్టిగారు. పంతులుగారు నవ్వారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"ఇక్కడ కూడా దసరాకి త్రాసుకి బొట్టు పెడతారండీ. నాకూ పెడతారు. ఆదివారం మన ప్రార్థన గుడికెళ్తాను, పాటలు పాడతాను. ఇక్కడెవరూ డైరీ రాయరు గదండీ" అన్నారు.

సెట్టిగారు లోపలికి వెళ్ళాక, ఏళ్ళ తరబడి మోస్తున్న ప్రశ్న అడిగాను.

"పంతులుగారూ, ఆ రోజు నేను మీ మాట చెప్పలేదని మీకు తెలుసు. మీకు ఇంగ్లీషు వచ్చు. మీరే ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన కలం మూత పెట్టారు.

"నా ఇంగ్లీషుకి దొరగారు నవ్వుతారండీ. ఎప్పుడూ నవ్వేవోరే, నాకేం బాధ లేదు. కాని ఆ మాటకి నవ్వితే నేను తట్టుకోలేనండీ. మీ నోటితో అయితే నవ్వరనుకున్నాను."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"పిల్లల సంగతి రాశారా అండీ, ఆ రోజు? పదకొండుమంది" అన్నారు.

రాయలేదన్నాను.

ఆయన కోప్పడలేదు. వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ పదకొండు పేర్లూ చెప్పారు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చెప్పారు. గూడబాతుని చూసి అరిచిన పిల్ల చేపల గంప మోస్తోందట. దారిలో పక్షి కనిపిస్తే ఇప్పటికీ ఇంగ్లీషులో తిడుతుందట. నా సంచిలో అప్పుడు రాస్తున్న డైరీ ఉంది. పెన్సిలు ఉంది. తీయలేదు. రైలు వేళయిందని లేచాను.

ఈ సంగతి రాసేముందు ఆ రోజు డైరీ తీసి చూశాను. ఇలా ఉంది: "తాడేపల్లిగూడెము వెళ్ళి, పని చూచుకొని, సాయంత్రపు రైలుకు తిరిగి వచ్చితిని. ఎండ ఎక్కువ."